పళ్ళమేస్త్రి, వాళ్ళమ్మ వంకర పన్ను

పద్నాలుగు మంది రోగులు బెంచీల మీద కూర్చుని ఉండగా, పళ్ళాస్పత్రి వెనక గదిలోంచి, కట్టుడు పళ్ళు చేసే పళ్ళమేస్త్రి మైనం కత్తి చేత్తో పట్టుకుని అలాగే బయటికి వచ్చేశాడు. నేను తడిగుడ్డతో నేల తుడుస్తున్నాను. తుడిచిన చోటే కాలు పెట్టాడు. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

గొడవేమిటంటే, రిటైరైన బస్సు కండక్టరు ఒకాయనకి కట్టించిన పళ్ళ సెట్టు ఆయన మాట్లాడినప్పుడల్లా టకటకా కొట్టుకుంటోంది. అప్పటికి నాలుగోసారి వచ్చాడు. పెద్ద డాక్టరు విసిగిపోయి, "నేనేం చేయనయ్యా, కొలత నేను సరిగ్గానే ఇచ్చాను. వెనక మేస్త్రి తగలేశాడు" అనేశాడు. మధ్యలో ఉన్నది ఒక్క పల్చటి చెక్క తలుపు. వినపడకేం చేస్తుంది?

"ఎవడు తగలేశాడు?" అన్నాడు మేస్త్రి.

"ముందు ఆ కత్తి లోపల పెట్టి రా."

"ఇది మైనం కోసే కత్తి డాక్టరుగారూ, మనుషుల్ని కోయదు. కొలత తీసేటప్పుడు ఈయన్ని మీరు ఏం చేయమన్నారు?"

"ఏం చేయమంటారు? కొరకమన్నాను."

"అదీ సంగతి! డాక్టరు నెత్తిమీద నిలబడి కొరకమంటే ఎవడైనా బెదిరిపోయి కింది దవడ ముందుకి తోస్తాడు. మీరైనా తోస్తారు. కొరకమనకూడదు, ఉమ్మి మింగమనాలి." కండక్టరు వైపు తిరిగాడు. "అన్నా, ఒక్క గుటక వెయ్యి. ఆ, అలాగే ఉండు, కదలకు." బొటనవేలితో ఆయన పెదవి పైకెత్తి పట్టుకున్నాడు. పైవరుస నడిమి సందు ఒకచోట ఉంది, కింది వరుస నడిమి సందు అరవేలు పక్కకి పోయి ఉంది. "అందరూ చూడండి. ఇప్పుడు చెప్పండి, తగలేసింది నా చెయ్యా, డాక్టరుగారి మాటా?"

పెద్ద డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఆ నోట్లోకి చాలాసేపు చూశాడు. చివరికి "నా మాటేరా" అని పకపకా నవ్వేశాడు. కండక్టరూ నవ్వాడు, ఆయన పళ్ళూ టకటకలాడుతూ నవ్వాయి. ఆ రోజు నుంచి ఆ ఆస్పత్రిలో ఎవర్నీ కొరకమనలేదు. గుటక వేయమనేవారు. పైగా చూడటానికి వచ్చిన కుర్ర డాక్టర్లకి పెద్దాయన స్వయంగా చెప్పేవాడు, ఇది మా మేస్త్రి నేర్పిన పాఠం అని. ఆ పెద్దమనిషికి ఓడిపోవడం చేతనయ్యేది. కొడుకుని ఎంతో చదివించాడు కానీ ఆ ఒక్క చదువూ చెప్పించలేదు.

పళ్ళమేస్త్రి కూర్చునే గదికి ఒకటే కిటికీ. గోడ పొడుగునా బల్ల, బల్లమీద పదకొండు మందికి పదకొండు చిన్న గ్యాసు మంటలు. రోగి నోటి అచ్చు ప్లాస్టరులో పోస్తారు. పైదీ కిందదీ ఇత్తడి చట్రంలో బిగించి ఆడించి చూస్తారు, దాన్ని వాళ్ళు దవడ అనేవారు. గులాబీ రంగు మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చుతారు. పని అయిపోయాక ప్లాస్టరు అచ్చుల అడుగున పెన్సిలుతో తేదీ వేసి అలమారలో పెట్టేవారు. ఇరవై మూడేళ్ళ అచ్చులు. చూసేవాళ్ళకి దడుపు. సాయంత్రం పూట గది ఊడవటానికి వెళితే నాలుగు గోడల మీదా బోసి దవడలు నన్ను చూసి ఇకిలిస్తున్నట్టుండేవి.

పనిలో కొత్తగా ఉన్నప్పుడు మేస్త్రి పళ్ళు ముత్యాల్లాగా వరసగా గుచ్చేవాడట. ఒకావిడ అద్దంలో చూసుకుని, "బాబూ, ఇది నేను కాదు. ఎవరో టీవీలో ఆవిడ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేస్త్రికి ఏం చేయాలో తోచలేదు. రాత్రంతా ఆలోచిస్తే వాళ్ళమ్మ నవ్వు గుర్తొచ్చింది. కింది వరుసలో ఎడమ వైపు రెండో పన్ను, పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉండేది. వాళ్ళమ్మ సంచులు కుట్టేది. నలభై ఏళ్ళు దారం పంటితో కొరికి తెంపి తెంపి ఆ పన్ను లోపలి మూల ఒక వాలులో అరిగిపోయింది. మేస్త్రి మర్నాడు ఆ పన్నుని అచ్చం అలాగే వాల్చి, మూల ఆకురాయితో అరగదీసి, మళ్ళీ పెట్టించాడు. ఆ రోగి అద్దం చూసుకుని నోరంతా తెరిచి నవ్వింది. "ఇదీ! ఇది నేనే!" అంది. అప్పట్నుంచి నలభై దాటిన ఆడవాళ్ళ సెట్టులో ఆ పన్ను ఉండాల్సిందే. మగవాళ్ళకి పెట్టేవాడు కాదు. "మా అమ్మ మగవాళ్ళ మధ్య నవ్వేది కాదు" అనేవాడు.

పెద్ద డాక్టరు పోయాడు. కొడుకు, అదే చిన్న డాక్టరు, ఎక్కడెక్కడో తిరిగొచ్చి ఆస్పత్రి మూసేసి కంపెనీ పెట్టాడు. ఇకమీదట మైనం లేదు, ప్లాస్టరు లేదు. రోగి ఏ దేశంలో ఉన్నా సరే, నోట్లో చిన్న కెమెరా తిప్పితే బొమ్మ ఇక్కడికి వస్తుంది, కంప్యూటరు పళ్ళు పేరుస్తుంది, అక్కడే ఒక మెషీను వాటిని అచ్చుపోసి ఇస్తుంది. కంప్యూటరుకి నేర్పాలంటే ముందు పాత అచ్చులు కావాలి. వాటిని స్కాను చేసే పనికి మేస్త్రి కూతుర్నే తీసుకున్నాడు. ఆ పిల్ల తండ్రి దగ్గరే పని నేర్చింది, కంప్యూటరూ చదివింది.

మేస్త్రికి నేల మీద కాళ్ళు ఆనలేదు. తన అచ్చులన్నీ చెక్కు చెదరకుండా దాచిపెడుతున్నారనుకున్నాడు. మూడు నెలలు ఒక్కొక్క దవడనీ బుగ్గలు తుడిచినట్టు తుడిచి కూతురి చేతికి అందించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కంప్యూటరు పేర్చిన మొదటి పళ్ళు చూశాడు. అన్నీ గోడకట్టినట్టు వరస. వాళ్ళమ్మ పన్నుని తప్పు అనుకుని అది సరిదిద్దేసింది. మేస్త్రికి ఒళ్ళు మండింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇస్తామనలేదు. కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఇది తప్పు."

"నాన్నా, అది మెషీను. దాని లెక్క దానికుంటుంది."

"దాని లెక్క దాని నెత్తిన కొట్టు. తప్పు అని నొక్కు. ఈ మూల ఇలా వాలాలి. ఆ, ఇంకొంచెం. మళ్ళీ తప్పు. మళ్ళీ నొక్కు."

ఎనిమిది వందల సార్లు నొక్కించాడు. నెలన్నర పట్టింది. చేతిలో పనున్న మనిషి ఎదురుగా తప్పు జరుగుతుంటే చూస్తూ కూర్చోలేడు, అదే వాడి ఖర్మ. చెడగొట్టి పారేయాల్సిన చోట దగ్గరుండి దిద్దాడు. అది పూర్తిగా నేర్చుకున్న రోజున కంపెనీలో అందరికీ కేకు కోసి పెట్టారు. ఆ వారంలోనే పదకొండు మందిలో పది మందిని ఇంటికి పంపేశారు. ఊడ్చే పని కూడా ఎవరో బయటి కంపెనీకి ఇచ్చామన్నారు. వెళ్ళే ముందు చివరి పని నాకూ అప్పజెప్పారు. అలమారలోని అచ్చులన్నీ పిండి చేసేశారు, స్థలం లేదట. ఆ తెల్లటి పిండి పద్దెనిమిది బస్తాలకెత్తి చెత్త బండి దాకా మోసింది ఈ చేతులే. ఏం మోస్తున్నానో తెలిసుంటే ఆ బస్తా తీసుకెళ్ళి చిన్న డాక్టరు కారులో దిమ్మరించేదాన్ని.

మేస్త్రిని మాత్రం ఉంచారు, అదీ ఇంట్లో కూర్చుని చేసే పని. తెర మీద పళ్ళు వస్తాయి, నలభై సెకన్లలో బాగుందో లేదో చెప్పాలి. ఒక్కొక్క సెట్టుకి ఇంత అని ఇస్తారు. ఆ ఇంత ఎంతన్నది పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది. అదే పని ఏడెనిమిది దేశాల్లో మనుషులకి ఒకేసారి విసిరేస్తారు, ఎవడు తక్కువకి ఒప్పుకుంటే వాడికి. తెర మూలన మాట్లాడుకోవటానికి చిన్న గడి ఉండేది, ఎవరి భాషలో రాసినా అవతలివాడి భాషలోకి మారేది. ఒకరోజు మేస్త్రి కడుపు మండి రాశాడు: "ఎవరయ్యా నువ్వు? నిన్న రేటు సగానికి దించేశావు, సిగ్గు లేదా?" అవతల్నుంచి జవాబు వచ్చింది: "నాకు ఇద్దరు పిల్లలు. మొన్న దించింది మీరే."

ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. నిజమే, మొన్న దించింది తనే. గుక్కెడు టీ కూడా రాని రేటుకి ఇద్దరు పనివాళ్ళని ఒకరి గొంతుమీద ఒకరు కాలు పెట్టేలా నిలబెట్టి, పైన కూర్చున్నవాడు దానికి పోటీ అని పేరు పెట్టాడు. ఆ పైనవాడేమో ఏడంతస్తుల అద్దాల మేడ కట్టాడు. ముప్పై దేశాల నోళ్ళలోంచి డబ్బు వచ్చి ఆ ఒక్క మేడలో పడుతోంది. ప్రపంచం చిన్నదైపోయిందని అతను మీటింగుల్లో చెప్పేవాడట. అవును నాయనా, చిన్నదే అయింది, నీ జేబులో పట్టేంత.

ఇంతవరకూ మేస్త్రి లోలోపల పళ్ళు కొరుక్కున్నాడే కానీ ఎవర్నీ ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం బస్టాపులో నిలబడి తలెత్తాడు. ఎదురుగా మూడంతస్తుల ఎత్తు బోర్డు, చిన్న డాక్టరు కంపెనీ ప్రకటన. ఎవరో దొరసాని, వెండి జుట్టు, నోరంతా తెరిచి నవ్వుతోంది. కింది వరుస, ఎడమ వైపు రెండో పన్ను, పక్కదాని మీదికి ఎక్కి ఉంది. మూల అరిగి ఉంది, అదే వాలులో.

మూడు బస్సులు వచ్చి పోయాయి. మేస్త్రి కదల్లేదు. పక్కనున్న పళ్ళరసం కొట్టువాడు నవ్వాడు. "ఏం పెద్దాయనా, అలా చూస్తున్నావు? మీ అమ్మలా ఉందా?"

"అమ్మ కాదు" అన్నాడు మేస్త్రి. "పన్ను మాత్రం మా అమ్మదే."

కొట్టువాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

మర్నాడే అద్దాల మేడకి వెళ్ళాడు. గంటన్నర కూర్చోబెట్టి పిలిచారు. చిన్న డాక్టరు లేచి నిలబడి, చెయ్యి కలిపి, "రండి మేస్త్రిగారూ" అన్నాడు. పెద్దాయన ఏనాడూ గారు అనలేదు, ఒరే అనేవాడు. ఆ గారు తగిలించినప్పుడే అనుమానం రావాలి.

"మీరు నన్ను అడగకుండా మా అమ్మ పన్ను అమ్ముకుంటున్నారు" అన్నాడు మేస్త్రి.

"అయ్యో, పన్ను వంకరగా ఉండటం ఎవరి సొంతమండీ? కోట్లమందికి ఉంటుంది."

"వంకర కోట్లమందికి ఉంటుంది. మూల ఇంత మేర, ఈ వాలులో అరిగింది ఒక్కరికే. ఎందుకరిగిందో చెప్పనా? నలభై ఏళ్ళు దారం కొరికింది కాబట్టి. ఆ దొరసాని ఏ సంచులు కుట్టిందో అడగండి, చెప్పమనండి."

"మెషీను లక్షల పళ్ళు చూసి సొంతంగా నేర్చుకుందండీ."

"లక్షలు చూసి ఆ పన్నుని ఊడబీకింది. ఎనిమిది వందల సార్లు నేను తప్పు అన్నాక పెట్టింది."

"అది మీ డ్యూటీ టైములోనే కదా" అన్నాడు చిన్న డాక్టరు, చాలా మెత్తగా.

పెద్దాయనతో తగువు పడితే ఆయన వంగి కండక్టరు నోట్లోకి చూశాడు. ఇతను చేతి వాచీ చూసుకున్నాడు. ఒక కాగితం ముందుకి జరిపాడు. ఆ పళ్ళమీద నాకెప్పుడూ ఏ హక్కూ లేదు, ఇకముందూ ఉండదు అని అందులో ఉంది. సంతకం పెడితే గౌరవ సలహాదారు అని ఒక బిరుదు, మొదటి అంతస్తు గోడమీద ఫొటో. "మీ అమ్మాయి చాలా తెలివైనది, ఇక్కడ ఆవిడకి మంచి భవిష్యత్తు ఉంది. శుక్రవారం లోగా ఆలోచించుకోండి" అన్నాడు. బెదిరింపుకి అత్తరు పూసి ఇవ్వడం అంటే అదే.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రీకూతుళ్ళకి పడింది. మా గదికీ వాళ్ళ గదికీ ఒకటే గోడ.

"నాన్నా, సంతకం పెట్టు. లేకపోతే నన్ను తీసేస్తారు."

"నిన్నెందుకు తీస్తారు? పన్ను పెట్టింది నేను."

"స్కాను చేసింది నేను! ఒక్కొక్కటీ నా చేత్తో తీసుకెళ్ళి ఇచ్చింది నేను! రేపు నువ్వు కేసు పెడితే దొంగని అయ్యేది ఎవరు? అతనా? నేను!"

"నువ్వు దొంగవి కావు. దొంగకి నిచ్చెన పట్టుకున్నావు. నేనూ పట్టుకున్నాను."

"అబ్బ, పెద్ద మాట చెప్పావు. నీకు పని పోయింది. నాది కూడా పోతే నీకు చల్లగా ఉంటుందా?"

మధ్యలో మేస్త్రి భార్య అందుకుంది. "బతికున్నన్నాళ్ళూ మా అత్తగారి నోటితో నేను పడ్డాను. పోయి ఇన్నేళ్ళయినా ఆవిడ పంటితో నేనే పడాలా? ఇద్దరూ నోళ్ళు మూసుకుని పడుకోండి."

ఎవరూ నవ్వలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది. మేస్త్రి సంతకం పెట్టలేదు. కూతురు పన్నెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు, ఊరిస్తూ ఉంచారు. పదమూడో రోజు పొద్దున ఆఫీసుకి వెళుతూ తండ్రి కళ్ళజోడు కింద మడిచిన కాగితం ఒకటి పెట్టింది. బోర్డు మీద దొరసాని నవ్వుకి కంపెనీ పెట్టుకున్న పేరు, ఆ ఫైలు ఏ ప్లాస్టరు అచ్చు నుంచి పుట్టిందో దాని నంబరు, తేదీ, ఎవరు దిద్దారన్న చోట తండ్రి పేరు. అన్నీ తన చేతిరాతతో. ఆమె గేటు దగ్గర కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. ఎవరు ఏ ఫైలు తెరిచారో కూడా ఆ మెషీను రాసి పెట్టుకుంటుందట. తొమ్మిదిన్నరకి వెళ్ళిన పిల్ల పదింటికి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, "నాన్నా, టీ పెట్టనా?" అంది. పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట.

వాళ్ళు లేబరు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. కుర్ర వకీలమ్మ ఒకామె పైసా తీసుకోకుండా ఒప్పుకుంది. అంతా విని తల అడ్డంగా ఊపింది.

"ఈ కాగితం మీ అమ్మాయి రాసింది. రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తారు. అచ్చులు లేవు. మెషీను పుట్టకముందు మీరు చేసిన సెట్టు కావాలి. మీ దగ్గర దాచుకున్నది పనికిరాదు, ఇప్పుడు చేశారంటారు. వేరే మనిషి వాడుతున్నది కావాలి. ఎవరు చేశారో ఎప్పుడు చేశారో ఆ మనిషే చెప్పాలి. ఆ మూల వాలూ, వాళ్ళ ఫైల్లో వాలూ కొలిపిస్తాను. వెంట్రుకవాసి తేడా లేకపోతే ఇక వాళ్ళు నోరెత్తలేరు. అది లేకపోతే మాత్రం వచ్చే వారం విచారణతోనే ఇది ముగిసిపోతుంది."

మేస్త్రి నాలుగు రోజులు కాళ్ళరిగేలా తిరిగాడు. పాత రోగుల్లో సగం మంది పోయారు, పళ్ళతోనే పోయారు. ఒకావిడ ఊరు మారింది. ఇద్దరు చిన్న డాక్టరు కంపెనీ సెట్టే కొత్తగా కట్టించుకుని పాతవి పారేశారు. ఇంకొకావిడ తలుపు తీసి, సంగతి విని, "మాకెందుకు బాబూ ఈ గొడవలు" అని ఆయన చేసిన పళ్ళతోనే అని తలుపు వేసేసింది.

విచారణకి ముందు రోజు పొద్దున్నే మా గదికి వచ్చాడు. నేను ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. నా ముఖంలోకి కాదు, నోటి వైపు చూశాడు. నాకు అర్థమైంది.

నా నోట్లో ఉన్నవీ ఆయన చేసినవే, ఆ వంకర పన్నుతో సహా. పంతొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు, అందులో పెద్ద డాక్టరు పోయాడు. నేను చేతగాక చీపురు పట్టానేమో కానీ ఎవరి ముందూ బోసినోటితో నిలబడలేదు. మా ఆయన పోయేదాకా ఆయనకి కూడా తెలియదు. తలుపు గడియ పెట్టుకుని కడుక్కుంటాను. జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడ్డప్పుడు కూడా నర్సమ్మతో పోట్లాడాను కానీ తీయలేదు. ఇదంతా మేస్త్రికి తెలుసు. అందుకే నాలుగు రోజులూ ఊరంతా తిరిగాడు, గోడ అవతల ఉన్న నా దగ్గరికి రాలేదు.

"ఇంకెవరూ లేరా?" అన్నాను.

"ఉంటే నీ దగ్గరికి వస్తానా అక్కా?"

"సరే, డబ్బాలో పెట్టి ఇస్తాను. పట్టుకెళ్ళు."

"డబ్బాలో పెట్టి తెస్తే చెల్లదంట. నేనే చేసి తెచ్చానంటారు." నేల చూస్తూ మొదలుపెట్టాడు కానీ, చివరికి తలెత్తి నా కళ్ళలోకే చూశాడు. "రేపు పదిన్నరకి ఆ గదిలో ఆఫీసరు ఉంటాడు, చిన్న డాక్టరు ఉంటాడు, వాళ్ళ వకీళ్ళు ముగ్గురుంటారు. అందరూ చూస్తుండగా నీ చేత్తో నువ్వే నోట్లోంచి తీసి బల్లమీద పెట్టాలి. పెట్టి, అవి లేకుండానే, ఎవరు చేశారో ఎప్పుడు చేశారో గట్టిగా చెప్పాలి. కేసు తేలేదాకా అవి ఆ ఆఫీసులోనే ఉంటాయి. ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు. వస్తావా అక్కా?"